మెట్ల మీద పలికిన గాత్రము

విజయవాడ నుండి నరసాపురము పోవు రైలు గుడివాడ, కైకలూరు, ఆకివీడు, భీమవరముల మీదుగా వరిచేలను, చేపల చెరువులను, కాలువ వంతెనలను దాటుకొనుచు సాగి, దారి ముగియుటకు కొంచెము ముందుగా పాలకొల్లులో ఆగును. ఆ దారిలోని రెండు ఊళ్ళు ఒక్క కళాకారుని జీవితమునకు రెండు మొదళ్ళు. ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పుట్టినది పాలకొల్లులో. తొమ్మిదేండ్ల ప్రాయమున, 1978లో, త్యాగరాజ ఆరాధనోత్సవ సందర్భమున తొలిసారి సభ నెదుట కూర్చుండి మాండలిన్ వాయించినది గుడివాడలో. తరువాతి కాలమున లోకము ఆయనను మద్రాసు విద్వాంసునిగా ఎరిగినది, అందులో తప్పు లేదు. కాని ఆ చేతికి చెవి పుట్టినది ఈ కాలువల నడుమనే యని మా విజయవాడ వన్ టౌన్ రసికుల పట్టుదల.

వన్ టౌన్ అనగానే పరాయి ఊరివారికి కాళేశ్వరరావు మార్కెట్టు రద్దీ, సామారంగం చౌకులోని బేరసారములు, ఇంద్రకీలాద్రి మెట్ల క్రింద దసరా నాళ్ళలో పోటెత్తు జనము స్ఫురించును గాని, ఈ ఇరుకు వీధులలో సంగీతమును తూకము వేసి కొను చెవులు కలవని తోచదు. త్యాగరాజస్వామి శిష్యుడగు మానంబుచావడి వెంకటసుబ్బయ్య గారి నుండి సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారికి, వారి నుండి పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారికి దిగి వచ్చిన గానధార ఈ బెజవాడలోనే బాలమురళీకృష్ణ గారి కంఠమునను, అన్నవరపు రామస్వామి గారి వయొలిన్ కమానునను రెండు పాయలైనది. 1948 డిసెంబరు 1న ఆకాశవాణి కేంద్రము ఇచట వెలసిన పిమ్మట, కచేరీకి పోలేని అంగడివాడు సైతము గల్లా పెట్టె ప్రక్కన రేడియో పెట్టుకొని రాగము పేరు చెప్పగలవాడయ్యెను. ఇట్టివారు ఒక వాద్యకుని మెచ్చుకొనునపుడు వేళ్ళ వేగమును గూర్చి గాని, చప్పట్ల ధ్వనిని గూర్చి గాని మాటాడరు. మాండలిన్ శ్రీనివాస్ కచేరీ ముగిసిన రాత్రి టిఫిను బల్లల యొద్ద వినవచ్చిన మాట ఒక్కటే: "వాయించలేదండీ, పాడాడు."

ఈ మాటలోని 'పాడాడు' అనునది మర్యాదకు పలికిన పొగడ్త కాదు, శాస్త్ర విషయమున ఒక తీర్పు. ఆ తీర్పు ఎంత కఠినమైనదో తెలియవలెనన్న మాండలిన్ యొక్క శరీరమును కొంత విప్పి చూడవలెను.

ఇటలీ దేశమున, విశేషించి నేపుల్స్ నగరమున పెరిగిన ఈ చిన్న వాద్యమునకు ఎనిమిది ఉక్కు తీగలు; అవి నాలుగు జంటలుగా, వయొలిన్ శ్రుతి చొప్పున, ఒక్కొక్క జంటకు ఒక్కొక్క స్వరముగా బిగింపబడును. మెడ పొట్టిది, మెట్లు దగ్గర దగ్గరగా లోహముతో పాతుకొని యుండును, తీగలు మిక్కిలి బిగువు. వ్రేళ్ళ మధ్య చిన్న పిక్కు పట్టి మీటిన స్వరము గణగణ మ్రోగి క్షణములో అడగిపోవును. కనుక పాశ్చాత్య వాద్యకుడు దీర్ఘ స్వరము కావలసినపుడు అదే తీగను విడువక వడివడిగా మీటుచు వణకు వంటి నాదము పుట్టించును. మన దేశమున ఈ వాద్యము సినిమా పాటల బృందములలోను, ఆర్కెస్ట్రాలలోను చేరి, పల్లవికి చరణమునకు నడుమ కొంత తళుకును అద్దు పనికి కుదిరినది. ఆ పనిని అది చక్కగా చేసినది. అంతకు మించి దానిని అడిగినవారు లేరు.

కర్ణాటక సంగీతము అడుగునదేమన్నచో, స్వరము కాదు, స్వరముల నడుమ దారి. తోడి రాగమున గాంధారమును తీసికొందము. లక్షణ గ్రంథమున అది సాధారణ గాంధారము. హార్మోనియము మీద దానికొక మెట్టు కలదు. కాని పాటలో ఆ గాంధారము తన చోట ఎన్నడును కుదురుగా నిలువదు. రిషభ ప్రాంతము నుండి మధ్యమము దాక ఊయలవలె ఊగును, ఆ ఊగుటయే గాంధారమను పేరు పొందును. మెట్టు మీద దాని స్థానమును సూటిగా మీటినవాడు స్వరమును పలికించును గాని తోడిని పలికింపలేడు. సహాన, బేగడ, ఆనందభైరవి తోడికన్న సుకుమారములు. జారు, కంపితము, స్ఫురితము, నొక్కు అని శాస్త్రకారులు పేర్లు పెట్టిన గమకములన్నియు ఈ దారి నడకలే. హార్మోనియమునకు ఈ నడక చేతకాదను కారణముగనే ఆకాశవాణి 1940 మొదలు మూడు దశాబ్దముల పాటు దానిని తన గడప ఎక్కనీయలేదు; పద్యనాటకమును ప్రాణముగా ఎంచు మా కృష్ణా తీరము వారికి ఆ నిషేధము మీద ఇంకను కొంత కినుక కలదు, అది వేరు కథ.

వయొలిన్ కు మెట్లు లేవు గనుక వ్రేలు జారిన చోటెల్ల దారియే. బాలుస్వామి దీక్షితుల కాలమున మన సంగీతములోనికి వచ్చిన ఆ విదేశ వాద్యము ఇంటి బిడ్డ యగుటకు అదియే హేతువు. వీణకు ఇరువదినాలుగు మెట్లున్నను అవి మైనము మీద ఎత్తుగా నిలిచి, తీగను ప్రక్కకు లాగుటకు చోటిచ్చును. ఈమని శంకరశాస్త్రి గారు, ఆయన శిష్యులు చిట్టిబాబు గారు ఒకే మెట్టు మీద నాలుగైదు స్వరములను లాగి చూపుట విన్నవారు వీణకు కంఠము కలదని సులువుగా నమ్మిరి. మాండలిన్ కు ఈ రెండు సౌకర్యములును లేవు.

నేనీ మాట పుస్తకము చూచి వ్రాయుటలేదు. చిన్నతనమున మా వీధిలో ఒక మిత్రుని ఇంట గోడకు వ్రేలాడుచున్న ఎనిమిది తీగల మాండలిన్ ను దింపి, తోడి గాంధారమును ఊపి చూతునని కూర్చుంటిని. జంట తీగలను ఒక్క వ్రేలితో ప్రక్కకు లాగగా ఒకటి ముందు కదలెను, రెండవది వెనుకబడెను. రెండింటి శ్రుతులు విడిపోయి, పాత రేకు డబ్బాలో గవ్వలు కదలినట్లు ఒక కర్కశ నాదము పుట్టెను. ఇంకొంచెము లాగితిని. వ్రేలి కొన మీద రెండు సన్నని ఎఱ్ఱని గీతలు పడెను గాని గాంధారము మాత్రము రాలేదు. మిత్రుని తండ్రి గారు లోపలి నుండి "దాన్నెందుకురా హింసిస్తావు, పాపం!" అనిరి. వాద్యమును గూర్చియో, నా వ్రేలిని గూర్చియో, రాగమును గూర్చియో నేటికిని తేల్చుకొనలేకున్నాను.

ఆ రెండు ఎఱ్ఱ గీతలను గుర్తుంచుకొన్నచో శ్రీనివాస్ చేసిన మార్పులోని వివేకము తేటపడును. ఆయన జంటలను విడదీసి ఒక్కొక్క స్వరమునకు ఒక్క తీగనే మిగిల్చెను; మంద్రస్థాయి కొరత తీరుటకు ఐదవ తీగను చేర్చెను; చెక్క డొల్ల వాద్యమునకు బదులు విద్యుత్ మాండలిన్ ను గ్రహించెను. ఈ మూడును వేర్వేరు సవరణలుగా కనబడును గాని, ఒకే అవసరమునకు మూడు చేతులవంటివి. తీగ ఒంటరిది గనుక లాగిన చోట లొంగును, జార్చిన చోట జారును. విద్యుచ్ఛక్తి నాదమును నిలిపి యుంచును గనుక, ఒక్క మీటుతో పుట్టిన ధ్వని అడగిపోకముందే ఎడమచేతి వ్రేలు దానిని రెండు మూడు స్వరముల మీదుగా నడిపించుకొని పోవచ్చును. అనగా మాటిమాటికి మీటవలసిన పని తగ్గినది. మీటు తగ్గిన కొలది ఊపిరి పెరుగును. గాయకుడు ఒక్క శ్వాసలో అల్లు సంగతిని వాద్యకుడు ఒక్క మీటులో అల్లగలుగును. విద్యుద్వాద్యమనగానే గొప్ప చప్పుడని భ్రమపడినవారు ఆ రోజులలో పెక్కురు. నిజమునకు ఆయన దానిని ఆశ్రయించినది మెల్లగా మీటుటకు.

ఈ మార్పులు పరికరమునకు సంబంధించినవి. వీనిని ఎవరైనను చేయవచ్చును, తరువాత పలువురు చేసిరి కూడ. అసలు రహస్యము పాఠము చెప్పిన తీరులో కలదు. తండ్రి సత్యనారాయణ గారి మాండలిన్ ను ఆరేండ్ల బాలుడు చేపట్టెను. తండ్రియే మొదట నేర్పెను. వాసూరావు అను గిటారు వాద్యకుడు పాశ్చాత్య సంగీతపు రుచి చూపెను. పిమ్మట తండ్రి గారి గురువు, చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులునగు రుద్రరాజు సుబ్బరాజు గారు ఆ బాలుని తమ ఒడిలోనికి తీసికొనిరి. సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించుట రాదు. వారు పాడెడివారు, పిల్లవాడు విన్నదానిని తీగ మీద పలికించెడివాడు. ఏ మెట్టు మీద ఏ వ్రేలు పెట్టవలెనో చెప్పు శక్తి గురువునకు లేదు. కనుక "ఇట్లు వాయింపుము" అను ఆజ్ఞ ఆ పాఠమున ఎన్నడును వినబడలేదు. కంఠము చేసిన పనిని వ్రేలు ఏదో ఒక విధమున చేయవలెను, చేయలేకున్న పాఠము ముందుకు సాగదు. మాండలిన్ తెలిసిన గురువు దొరికియుండినచో, ఈ వాద్యమునకు ఇది సాధ్యము, ఇది అసాధ్యము అని మొదటి దినముననే గీటు గీసి చూపియుండును. ఆ గీటు గీయువారు లేకపోవుటయే శిష్యుని భాగ్యము.

అందుచేతనే ప్రత్యక్షముగా విన్న వారికి, కేసెట్టులో విన్న వారికి నడుమ భేదము కలదు. కేసెట్టు వేగమును చక్కగా పట్టుకొనును. వన్ టౌన్ దుకాణములలో ఆయన కేసెట్లు మ్రోగిన రోజులలో కుర్రవాండ్రు కల్పనస్వరములను వెనుకకు త్రిప్పి త్రిప్పి వినుచు, ఎన్ని స్వరములు పడినవో లెక్కపెట్టుచుండిరి. సభలో ఎదుట కూర్చున్నవానికి కనబడునది మరియొకటి: నుదుట విభూతి, పెదవుల మీద చిరునవ్వు, కదలని భుజములు, ఒడిలో ఒక బొమ్మంత వాద్యము. అంతటి నాదప్రవాహమునకు ఆ దేహమున ఎక్కడను శ్రమ చిహ్నము లేదు. ఆలాపన పైషడ్జమును చేరునపుడు కూడ ఆయన తల ఎగురవేయడు. మృదంగ విద్వాంసుని వైపు ఒకసారి చూచి నవ్వును, అంతే. ముందు వరుసలోని వృద్ధుడు తొడ మీద తాళము వేయుట మాని, చేయి గాలిలో నిలిపి, గమకము వాలు వరకు వేచి, అటు పిమ్మట "శహభాష్" అనును. ఆ నిలిచిన చేయి రికార్డులోనికి ఎక్కదు.

వేగమును గూర్చి ఇంకొక మాట చెప్పక తప్పదు. ఆయన వేగము అసామాన్యము, ఆ వేగమే తొలినాళ్ళలో జనమును రప్పించినది, పసివాని చేతులని అబ్బురపడినవారే హాళ్ళు నింపిరి. కదనకుతూహలము వంటి రాగములు, పాశ్చాత్యపు బాణీ వినబడునట్టివి, ఆ చేతికి వెన్నతో పెట్టిన విద్య. అయినను అవి మాండలిన్ కు సహజముగా లొంగు రాగములు; వానికి జేజేలు కొట్టుట ఈతగానిని ఏటి వాలున ఈదినందుకు మెచ్చుట వంటిది. ఎదురీత తోడిలోను, సహానలోను ఉన్నది. అభిమానులమనుకొను వారిలో సగముమంది ఏటి వాలును మాత్రమే చూచిరని నా అభిప్రాయము.

1981లో మద్రాసు డిసెంబరు సంగీతోత్సవములలో ఆయన తొలి కచేరీ జరిగెను. మాండలిన్ తో త్యాగరాజ కృతియా యని పెదవి విరిచిన పండితులు క్రమముగా ముందు వరుసలకు జరిగిరి. 1983లో, పదునాలుగేండ్ల వయసున, బెర్లిన్ జాజ్ ఉత్సవమున వాయించెను. తరువాత గిటారు వాద్యములో దిగ్గజమగు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా జాకీర్ హుస్సేన్ గారలతో 'రిమెంబర్ శక్తి' బృందమున కూడెను. పడమటి దేశముల బ్లూస్, రాక్ గిటారు వాద్యకులును ఒంటి తీగను ప్రక్కకు లాగి మనుష్య రోదనమును పలికింపజూతురు. కనుక మాండలిన్ లోని గమకము ఆ శ్రోతలకు పరాయిదిగా తోచలేదు. అయితే వారి లాగుడు భావోద్రేకము పుట్టినపుడు వచ్చును, మన లాగుడు రాగలక్షణము చేత ప్రతి స్వరమునను విధింపబడియుండును. మెక్‌లాఫ్లిన్ ఒక పలుకు విసరగా శ్రీనివాస్ దానికి బదులు చెప్పు ఘట్టములలో ఈ భేదము స్పష్టముగా వినవచ్చును: మొదటివాని స్వరములు ముత్యములవలె విడివిడిగా రాలును, రెండవవాని స్వరములు దారముతో సహా వచ్చును.

1998లో పద్మశ్రీ వచ్చెను. 2014 సెప్టెంబరు 19న, నలువదియైదేండ్లకే, ఆయన చెన్నైలో కన్నుమూసెను. తమ్ముడు రాజేష్ ఆ వాద్యమును కొనసాగించుచున్నాడు.

ఇప్పుడు మా వీధులలో పిల్లలు ఫోనుల మీద వీడియోలు చూచి, వ్రేళ్ళు ఎక్కడెక్కడ పడుచున్నవో నిలిపి నిలిపి గమనించి, మాండలిన్, గిటారు నేర్చుచున్నారు. నేర్చుట మంచిదే. కాని వారి తలిదండ్రులకు ఒక మనవి: వాద్యము కొనుటకు పోవునపుడు ఐదు తీగలదా, ఎనిమిది తీగలదా, ఏ కంపెనీదని అంగడివానిని ఎంతయైనను విచారింపుడు, పిదప గురువు నొద్దకు పోయి మాత్రము ఒక్కటే అడుగుడు, "అయ్యా, మీరు పాడుదురా?" అని.