అరిచేది బెల్టు, అలిసింది టెన్షనర్

వాన వెలిసిన పొద్దున మినీవ్యాన్ తాళం తిప్పగానే బానెట్ కింద కీచుమని ఒక అరుపు. అర నిమిషంలో సద్దుమణిగేది. ఏసీ వేస్తే మళ్లీ మొదలు. పార్కింగ్‌లో స్టీరింగ్ చివరిదాకా తిప్పితే మళ్లీ. బెల్టు అరిగిందనుకుని కొత్తది వేశాను. రెండు వారాలు కిక్కురుమనలేదు. మూడో వారం అదే పాట. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. అలిసిపోయింది బెల్టు కాదు, దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్.

బెల్టు బిగువు చూడడం మెకానిక్కుల విద్యలో పాత పాఠం. అంబాసిడర్ల కాలంలో విజయవాడ ఆటోనగర్ షెడ్లలో మేస్త్రి డైనమో బోల్టు వదులు చేసి, సందులో సుత్తి పిడి దూర్చి, డైనమోను బయటికి ఎగదన్నేవాడు. బోల్టు బిగించాక బొటనవేలితో బెల్టును నొక్కేవాడు. అర అంగుళం దిగితే సరి. అంతకన్నా దిగితే బెల్టు జారుతుంది, దిగకపోతే బేరింగులు పోతాయి. ఆ వేలే కొలబద్ద. దాని కింద ఉన్నది వీ ఆకారపు బెల్టు, 1917లో అమెరికాలోని డెన్వర్‌లో జాన్ గేట్స్ రూపొందించిన రబ్బరు బెల్టు సంతతి.

1979 ఫోర్డ్ మస్టాంగ్‌తో కథ మారింది. రెండు మూడు బెల్టుల బదులు, గాళ్లున్న ఒకే పొడవాటి బెల్టు పాములా మెలికలు తిరుగుతూ అన్ని పుల్లీలనూ తిప్పసాగింది. డాడ్జ్ గ్రాండ్ కారవాన్ 3.3 లీటర్ల వీ6 ఇంజనునే తీసుకోండి. ఆల్టర్నేటర్, పవర్ స్టీరింగ్ పంపు, వాటర్ పంపు, ఏసీ కంప్రెసర్, నాలుగూ ఆ ఒక్క బెల్టు మీదే బతుకుతాయి. దారిలో అది ఊడిందా, బ్యాటరీ లైటు వెలుగుతుంది, స్టీరింగ్ రాయిలా బరువెక్కుతుంది, ఇంజను వేడెక్కుతుంది.

ఇంత భారం మోసే బెల్టుకు ఒకసారి బిగించి వదిలేస్తే చాలదు. వేడికి, వయసుకి సాగుతుంది. అందుకే మేస్త్రి బొటనవేలి పనిని ఒక స్ప్రింగుకి అప్పగించారు. టెన్షనర్ లోపల చుట్ట స్ప్రింగు, దానికో చెయ్యి, చేతి చివర పుల్లీ. వీటితో పాటు కంటికి కనిపించని పనివాడు ఇంకొకడున్నాడు, రాపిడి బుష్. సిలిండర్లు ఒక్కొక్కటే పేలుతుంటే ఇంజను తిరుగుడు కుదుపులతోనే సాగుతుంది. ఆ కుదుపులను మింగేది ఈ బుష్షే. ముందు అరిగేదీ చాలాసార్లు ఇదే.

స్ప్రింగు వచ్చింది కదా అని చెవికి, కంటికి పని తప్పలేదు. కీచుమంటే జారుడు, టకటకలాడితే అరిగిన బుష్, గరగరమంటే బేరింగ్. అనుమానం తీరకపోతే నీళ్ల పరీక్ష ఉంది. నడుస్తున్న బెల్టు గాళ్ల మీద, చేతులు దూరంగా ఉంచి, కొద్దిగా నీళ్లు చిమ్మాలి. అరుపు పెరిగితే బిగువు చాలడం లేదని. కాసేపు ఆగి మళ్లీ మొదలైతే ఏదో పుల్లీ వరస తప్పిందని. తరవాత టెన్షనర్ చెయ్యి చూడాలి. సన్నగా వణికితే పరవాలేదు. ఎగిరెగిరి పడుతుంటే, చెయ్యి మొదలు దగ్గర ఎర్రటి తుప్పు పొడి రాలి ఉంటే, దాని పని అయిపోయినట్టే.

ఇక మార్చడం. నా మినీవ్యాన్‌లో ఇంజను అడ్డంగా కూర్చుంటుంది కాబట్టి బెల్టు ఉండేది ముందు కుడి చక్రం వైపు. ఇంజను చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాలి. బండిని జాకీ మీద లేపి, స్టాండు పెట్టాక మాత్రమే కిందికి చెయ్యి పోనివ్వాలి. చక్రం, దాని వెనక ప్లాస్టిక్ తొడుగు తీస్తే దారి కనిపిస్తుంది. ఏ పుల్లీ మీద నుంచి ఏ పుల్లీ కిందికో ఒక అట్టముక్క మీద గీసుకున్నాకే బెల్టు ముట్టుకోవాలి. పొడుగు పానాతో టెన్షనర్‌ను స్ప్రింగుకి ఎదురు తిప్పి, నున్నటి పుల్లీ మీది నుంచి బెల్టు జార్చి, చేతిని మెల్లగా వెనక్కి రానివ్వాలి. టప్పున వదిలితే వేళ్లు నలుగుతాయి.

బెల్టు లేనప్పుడే మిగతా పుల్లీలన్నిటినీ వేలితో తిప్పి చూడాలి. ఎక్కువసేపు గిరగిరా తిరిగిందని సంబరపడకండి. గ్రీజు నిండుగా ఉన్న పుల్లీ తొందరగా ఆగుతుంది, గ్రీజు ఎండినదే బొంగరంలా తిరుగుతుంది.

పాతది విప్పేశాక, కొత్త టెన్షనర్‌తో చాలామంది తడబడేది ఒక చిన్న ముక్క దగ్గర. చాలా రకాల్లో వెనకవైపు గోరంత పొడుచుకొచ్చిన పిన్ను ఉంటుంది. అది ఇంజను మీది రంధ్రంలో దిగకుండా బోల్టు బిగిస్తే పుల్లీ వంకరగా నిలుస్తుంది, కొత్త బెల్టు అంచు నెలల్లో పీచులు లేస్తుంది. బోల్టు ముందు చేత్తో తిప్పి, చివర టార్క్ రెంచ్‌తో ఆ ఇంజనుకి చెప్పిన లెక్క వరకే బిగించాలి. అల్యూమినియంలో త్రెడ్ పోతే బాగుచేయడం పెద్ద పని. తరవాత అట్టముక్క చూసి బెల్టు ఎక్కించి, బెల్టు మీది ప్రతి గట్టూ పుల్లీ గాడిలో కూర్చుందో లేదో వేలితో తడిమి చూడాలి.

నేను టెన్షనర్ మార్చిన రోజు అన్నీ బిగించి తాళం తిప్పాను. ఇంజను చప్పుడు తప్ప ఇంకేం వినిపించలేదు. బానెట్ లోపలి బెల్టు దారి స్టిక్కర్ ఎప్పుడో చిరిగిపోయింది. అందుకని గ్రీజు మరకలు పడ్డ ఆ అట్టముక్కను డిక్కీలో స్పేర్ టైరు పక్కన పెట్టాను. తరవాత ఈ బండి మీద చెయ్యి వేసేది ఎవరైనా, వాళ్లకి పనికొస్తుంది.