గడపకడ కూర్చుండి యడుగువారు

1967లో కర్నూలు కతోలిక మేత్రాసనముగా ఏర్పడినది; అచటి సేవాసంఘమునందును మఠకన్యలయందును దీనజనసేవ నిత్యవృత్తియై నిలిచినది. ఆ వృత్తికి దయతోబాటు నేర్పును కావలెను.

2009 అక్టోబరు 2వ తేదీన తుంగభద్రయు హంద్రీయు పొంగి నగరమును ముంచినప్పుడు, బురదయిండ్లలో నిలిచినవారికి ఓదార్పుకన్న ముందు త్రాగునీరు, పొడిగుడ్డ, వేడియన్నము అవసరమని యెల్లరును ఎఱిగిరి. వరద ఎప్పుడో వచ్చును. కరవు తఱచుగ వచ్చును. కోసిగి, ఆదోని ప్రాంతముల కూలీలు మిరపకోతలకై గుంటూరు సీమకు తరలిపోగా ఊర మిగిలిన వృద్ధురాలి గడపకడ కూర్చుండి, "అవ్వా, పొద్దున ఏం తింటివి?" అని యడిగి, "తింటిలేమ్మా" అన్న మాటను నమ్మక, పొయ్యిలోని బూడిద చల్లబడి యుండుట గమనించి, మఱునాడు ఇరుగుపొరుగు చూడకుండ జొన్నపిండి సంచి లోపల నుంచిపోవు సోదరి నేర్పును నేను మిక్కిలి గౌరవింతును. ఇచ్చుటకన్న, పుచ్చుకొనువారి తల వంగకుండ ఇచ్చుట కష్టతరము. ఆమె దానిని సాధించినది. అవ్వ యే మతమో ఆమె యడుగదు.

పాఠకులారా, ఈ మాఘమున మీ వీధిలో ఒంటిగా మిగిలిన ముసలివారెవరో కనుగొని, సమీపపు విచారణ గుడిలో ఒకమాట చెప్పుడు.