గాలివాటు

ముందు నీకు దండం, గాలీ. విల్లుకు తర్వాత. అంబుకు ఇంకా తర్వాత.

కొలరాడో నైరుతి మూలన, శాన్ వాన్ కొండల్లో, 10,500 అడుగుల ఎత్తున, సెప్టెంబరు మూడో వారంలో తెల్లవారడానికి ఇంకా గంట ఉందనగా మా పక్కింటి పెద్దాయన అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ బుడ్డి తీసి ఒక్కసారి నొక్కాడు. తెల్లటి పొడి బుస్సుమని లేచింది. టార్చి వెలుగులో ఓ క్షణం నిలబడి, మా భుజాలు దాటి పల్లంవైపు జారిపోయింది. ఆయన తలాడించాడు. ఆ రోజుకు అదే పంచాంగం, అదే ముహూర్తం.

రాత్రంతా చల్లబడి బరువెక్కి నువ్వు నీళ్లలాగా వాగుల వెంట కిందికి దిగుతావు. పొద్దెక్కి కొండ చరియ కాగాక, దిగిన దారినే పైకి ఎక్కుతావు. మధ్యలో ఓ ఘడియ ఉంటుంది, అటా ఇటా తేల్చుకోని ఘడియ. వేటగాళ్ల కొంప ముంచేది అదే. మేం వెతుకుతున్న ఎల్క్ అనే పెద్ద జింక కంటిని ఆకుల రంగు బట్టలతో ఏమార్చవచ్చు. చెవినీ కాసేపు ఏమార్చవచ్చు. దాని ముక్కును మాత్రం ఎవడూ ఏమార్చలేడు. అందుకే పెద్దాయన నా జాకెట్‌ను రెండు రోజులు ఆరుబయట దండెం మీద వేయించాడు. వాసన లేని సబ్బుతో తలంటుకోమన్నాడు. మూడు రోజులు మా ఇంట్లో తిరగమోత లేదు. పన్నెండేళ్లుగా ఈ దేశంలో ఉంటున్నా, నా ఒంట్లో ఇంకా ఇంత ఇంగువ ఉందని నాకు చెప్పింది నువ్వే.

దండం నీకు, చీకటి అడవీ. ఇక్కడివాళ్లు నిన్ను డార్క్ టింబర్ అంటారు. స్ప్రూస్, ఫర్ చెట్లు భుజానికి భుజం రాసుకుని నిలబడ్డ చోటు. పురుగు తొలిచి ఎండిన మాన్లు ఒకదాని మీద ఒకటి కూలి, వెయ్యి ఏనుగులు పడుకున్నట్టున్న చోటు. ఇక్కడ అడుగు అంటే అరికాలి అంచు ముందు ఆనించి, పుల్ల లేదని తేల్చుకుని, ఆ తర్వాత బరువు మోపడం. మూడడుగులు, ఆగడం. మళ్లీ మూడడుగులు. గంటకు రెండు ఫర్లాంగులు నడిచామేమో. తుపాకీ గలవాడికి లోయకు అవతలి గట్టు కూడా చేరువే. విల్లు పట్టినవాడికి నలభై గజాల తర్వాత లోకం లేదు. ఈ అడవిలోనైతే ఇరవై దగ్గరే గోడ కట్టేసి ఉంటుంది.

ఆ గోడల మధ్య నీ జాడలు, కొమ్ముల దొరా. తొక్క ఒలిచిన లేత ఫర్ చెట్టు, దాని గాయం మీద ఇంకా తడి ఆరని జిగురు. కాస్త దిగువన నువ్వు పొర్లాడిన బురదగుంట. అందులో నీ మూత్రం, నీ మదం, మేకపోతుల దొడ్డికి పదింతల కంపు. పెద్దాయన వంగి ఆ వాసన పీల్చి, పండగ పూట వంటింటి గుమ్మంలో నిలబడ్డ పిల్లాడిలా నవ్వాడు.

అప్పుడు నువ్వు పిలిచావు.

ఎలా చెప్పను? పాడుబడ్డ బావి అడుగున ఎవరో మూలిగినట్టు మొదలై, మెట్టు మెట్టుగా పైకి లేచి, ఈలగా సన్నబడి, ఆ సన్నదనం తెగిపోయేంతదాకా సాగి, చివర నాలుగు పొడి దగ్గులతో నేలకు దిగే కూత. మూడు వందల కిలోల ఒంట్లోంచి అంత పీచులాంటి గొంతు వస్తుందని ఎవరనుకుంటారు? మన కణుజుకు దూరపు చుట్టానివి. షానీ తెగవాళ్లు నిన్ను వాపిటి అన్నారు, తెల్ల పిర్రది అని. ఏటా కొమ్ములు రాల్చుకుని, ఏటా మళ్లీ మొలిపించుకుంటావు. వేసవిలో మెత్తటి నూగు కింద అవి రోజుకు అంగుళం దాకా పెరుగుతాయి. అంత ఎముకను తల మీద పండించి, నాలుగు వారాల ప్రేమ కోసం మోసి, తిండి మానేసి, అరిచి, పోట్లాడి, చలికాలానికి డొక్కలు ఎగరేసుకుంటూ మిగులుతావు. కావ్యనాయకుడంటే నువ్వే.

ఒకప్పుడు నీ జాతి ఈ రాష్ట్రంలో దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. 1912 నుంచి వయోమింగ్ మందలను తెచ్చి ఈ కొండల్లో వదిలారు. ఇప్పుడు రెండున్నర లక్షలకు పైనే. 1972లో మన దేశం వన్యప్రాణి సంరక్షణ చట్టం తెచ్చి వేటకు తలుపు మూయడం మొదలుపెట్టింది. అదే ఏడు ఇక్కడివాళ్లు, తుపాకుల మీద అంతకు ముందే ఉన్న పన్నును విల్లంబులకూ చాపి, ఆ సొమ్మును మీ మేతకూ మీ లెక్కకూ మళ్లించే చట్టం చేశారు. మన అడవుల్లో మిగిలినవాటిని చూస్తే మన తలుపు మూసి ఉండటమే న్యాయం. నల్లమల చెంచు చేతిలోని వెదురు విల్లు గుర్తొచ్చినప్పుడు మాత్రం ఆ మాట నాకు అంత సులువుగా నోట రాదు.

విల్లూ, నీకూ దండం. పెద్దాయన చేతిలో నువ్వు కప్పీలూ తీగలూ ఉన్న యంత్రానివి. లాగేటప్పుడు ముప్పై కిలోల మొండితనం. పూర్తిగా లాగాక బరువంతా ఆ చక్రాల్లోకి దిగిపోయి చంటిపిల్ల బరువే మిగుల్తుంది. అయినా నీ వంశం పాతదే. 1911లో కాలిఫోర్నియాలో, ఓరోవిల్ ఊరి కబేళా దగ్గర, ఆకలికి చిక్కిపోయి ఒక మనిషి దొరికాడు. యాహి తెగలో ఆఖరివాడు. తమ పేరు తామే చెప్పుకోవడం వాళ్ల ఆచారం కాదు గనక, మనిషి అనే అర్థంలో ఇషి అని పిలిచారు. అతనికి వైద్యం చేసిన సాక్స్‌టన్ పోప్ అనే శస్త్రచికిత్సకుడికి అతను విల్లు చెక్కడం, అంబుకు ఈకలు కట్టడం, జంతువును గొంతుతో పిలవడం నేర్పాడు. 1916లో క్షయతో పోయాడు. పోప్ 1923లో ఆ విద్యను పుస్తకంగా రాశాడు. ఈ దేశపు విలుకాళ్లు ఈనాటికీ తలుచుకునే పుస్తకం అది. ఊపిరితిత్తులు చెడి పోయినవాడి చేతి విద్య, ఊపిరి బిగబట్టి నిలబడ్డ ఈ ముసలాయన దాకా వచ్చింది.

పెద్దాయన నాలుక మీద రబ్బరు పొర పెట్టుకుని ఆడ ఎల్క్‌లా కూసాడు. పిల్లికీ దూడకూ మధ్య గొంతు. జవాబు లేదు. మళ్లీ కూయలేదు ఆయన. అదే ఆయన విద్య. నేను ఆయన వెనక స్ప్రూస్ మొదట్లో ఒదిగి, నా గుండె చప్పుడు, దొరా, నీకు వినబడుతుందేమోనని భయపడ్డాను. పొద్దు కొన కొమ్మలను తాకింది. గాలీ, నువ్వు తటపటాయించడం నా చెంప మీద తెలిసింది.

కొమ్మలనుకున్నవి కదిలాయి.

నువ్వు చప్పుడు చేయకుండా వచ్చావు, దొరా. అంత కొమ్మును ఆ ఇరుకులో ఎలా తెచ్చావో, మెడ వెనక్కి వాల్చి, కొమ్ములు వీపున వేసుకుని, నీళ్లలో చేపలా. కన్ను మాను చాటుకు వెళ్లగానే విల్లు నిండా వంగింది. నువ్వు ఇవతలికి వచ్చి ఆగావు. ఇరవై రెండు గజాలు. నీ ముక్కుపుటాల ముందు ఆవిరి. ముగ్గురిలో ఊపిరి తీస్తున్నది నువ్వొక్కడివే.

నారి చప్పుడు, దుప్పటి దులిపినంత. అంబును నేను చూడలేదు. నువ్వు గిరుక్కున తిరిగావు. పెద్దాయన వెంటనే మళ్లీ ఆడ గొంతుతో కూసాడు. కంగారు పడకు, ఏం కాలేదు అన్నట్టు. ఆ రోజంతటిలో నాకు మింగుడుపడనిది ఆ అబద్ధం ఒక్కటే. కొమ్మలు విరిగిన చప్పుడు, ఏదో కూలిన చప్పుడు. ఆ తర్వాత ఉడత కూడా నోరు మూసుకుంది.

అరగంట కదలొద్దని వేలితో గడియారం చూపించాడు. అంత పొడుగు అరగంట నా జీవితంలో లేదు, నా బిడ్డ పుట్టినప్పుడు తప్ప. అంబు నేలలో దిగబడి దొరికింది. దాని మీద ఎర్రటి తడి, ఆ తడిలో సన్నని బుడగలు. పెద్దాయన వేలు ఆ బుడగల దగ్గర ఆగింది. అది ఊపిరితిత్తుల నెత్తురని, దూరం పోలేదని అర్థం. ఆకు తర్వాత ఆకు, చుక్క తర్వాత చుక్క, ఎనభై గజాలు. కూలిన మాను మీద మెడ వాల్చి ఉన్నావు. ఆయన టోపీ తీసి, నీ మెడ జూలులో చెయ్యి పెట్టి, చాలాసేపు కూర్చున్నాడు. నేను లెక్కపెట్టాను, కొమ్ముకు ఆరేసి మొనలు. లెక్కపెట్టడం తప్ప ఆ క్షణంలో నాకేమీ చేతకాలేదు.

తర్వాతదంతా కత్తి పని. వేట అనుమతి ట్యాగ్ కట్టడం, తోలు వలవడం, నాలుగు కాళ్లు, వెన్ను మాంసం, మెడ మాంసం. తినదగ్గ మాంసం అడవిలో వదిలితే ఇక్కడ నేరం. బూడిదరంగు జే పిట్టలు రెండు వచ్చి తమ వాటా తాము తీసుకున్నాయి. బట్ట సంచుల్లో నీడన వేలాడదీసి, వీపున వేసుకుని, నాలుగు మోతలు. మాన్లు ఎక్కి దిగి, ఎక్కి దిగి, నా మోకాళ్లు నాకు కొత్తగా పరిచయమయ్యాయి.

రాత్రి గుడారం దగ్గర కాలేయం ముక్కలు ఉల్లిపాయలతో పెనం మీద పడ్డాయి. నేను కారు వెనక సీటు కింద మూడు కవర్లలో చుట్టి దాచిన డబ్బా తెచ్చాను. ఎండుమిర్చి, ఆవాలు, చిటికెడు ఇంగువ. నూనె చిటపటలాడింది. గాలీ, నువ్వు అప్పటికే చల్లబడి, ఆ ఘాటునంతా ఎత్తుకుని లోయలోకి బయల్దేరావు. పెద్దాయన ఒక తుమ్ము తుమ్మి, పళ్లెం చాపాడు.