పేపరును బట్టి మనిషిని కట్టేయొద్దు

మా ముదిగుబ్బలో ఒక మనిషిది ఏ పార్టీయో తెలుసుకోవాలంటే ఆయన్ను అడగాల్సిన పనిలేదు, ఇంటి ముందు ఏ పేపరు పడుతుందో చూస్తే చాలని అందరి నమ్మకం. ఈనాడు, ఆంధ్రజ్యోతి పడితే తెలుగుదేశం. సాక్షి పడితే వైసీపీ. ప్రజాశక్తి, విశాలాంధ్ర కనిపిస్తే కమ్యూనిస్టు. అందులోనూ యూనియన్‌లో తిరిగే అయ్యవారో, ఎల్‌ఐసీ ఉద్యోగో అయ్యుంటాడని లెక్క. టీ అంగడి దగ్గర “ఏమప్పా, నువ్వు గూడ ఆ పేపరేనా?” అని ఒకరు అన్నారంటే, ఆ తర్వాత అవతలి మనిషి ఏం చెప్పినా వినేవాళ్లుండరు. నాకు బాధ కలిగేది అక్కడే.

ఈ అలవాటు మనకొక్కరికే ఉన్నది కాదు. ఇంగ్లండులో ‘గార్డియన్’ చదివేవాళ్లకు ఒక ముద్ర ఉంది. 1821లో మాంచెస్టర్‌లో పుట్టిన పత్రిక అది. దాన్ని చదివేవాడంటే చదువుకున్న మధ్యతరగతివాడు, టీచరో సోషల్ వర్కరో, కాళ్లకు చెప్పులు, పళ్లెంలో పప్పుధాన్యాలు, నోట్లో ఉదారవాదం అని అక్కడివాళ్లు ఎగతాళి చేస్తారు. అయితే ఆ టీచర్లు ఆ పత్రిక కొనడానికి ఇంకో కారణం కూడా ఉండేది. బడుల్లో, మున్సిపాలిటీల్లో, సంక్షేమ శాఖల్లో ఖాళీల ప్రకటనలు ఏళ్ల తరబడి అందులోనే ఎక్కువగా వచ్చేవి. ఉద్యోగం వెతుక్కునేవాడు కొనక ఏం చేస్తాడు?

మన దగ్గరా అంతే. పత్రికలకు పక్షాలున్నాయన్న మాట నిజం, దాన్ని కాదనను. విశాలాంధ్ర 1952 నుంచి కమ్యూనిస్టు పార్టీ పత్రికే, అది దాచుకున్నదీ లేదు. 1974లో విశాఖపట్నంలో మొదలైన ఈనాడు, 1982లో ఎన్టీఆర్ తెలుగుదేశం పార్టీ పెట్టినప్పుడు ఆయన వెంట ఎంత గట్టిగా నిలబడిందో ఆనాటివాళ్లందరికీ తెలుసు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా “ఆ రెండు పత్రికలు” అంటే ఈనాడు, ఆంధ్రజ్యోతి అని పిల్లలు కూడా చెప్పేవాళ్లు. 2008లో ఆయన కుమారుడి సాక్షి వచ్చింది. 2022లో గ్రామ వలంటీర్లు పేపరు కొనుక్కోవడానికి ప్రభుత్వం నెలకు 200 రూపాయలు ఇస్తే, అది ఏ పేపరు కోసమన్న తగాదా సుప్రీంకోర్టు దాకా పోయింది. పత్రికకు పార్టీ అంటగడితే ఆ పత్రికే జవాబు చెప్పుకోవాలి. చదివేవాడికెందుకు అంటగట్టడం?

ఒక ఇంట్లో పదో తరగతి పిల్ల ఉందని, మోడల్ పేపర్ల కోసం ఒక పత్రిక వేయించుకుంటారు. సాక్షి వచ్చిన కొత్తల్లో అన్ని పేజీలూ రంగుల్లో రెండు రూపాయలకే దొరికేసరికి పార్టీతో పనిలేనివాళ్లు చాలామంది మారారు. ఇంకొకరికి శెనక్కాయ ధరలు కావాలి, ఇంకొకరికి సంస్మరణల ఫోటోలు కావాలి. ఏజెంటు తెలిసినవాడని మొహమాటానికి చందా కట్టేవాళ్లున్నారు. వీళ్లందరినీ ఒకే జెండా కింద నిలబెడుతున్నాం.

మన పాత అనంతపురం జిల్లా చరిత్ర చూసినా ఈ లెక్క కుదరదు. తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డికి సహచరుడు, బ్రిటిష్‌వాళ్ల కాలంలో జైలుకెళ్లిన కమ్యూనిస్టు. అదే విశ్వం తర్వాత పెట్టుబడిదారులైన గోయెంకాల ఆంధ్రప్రభ వారపత్రికకు సంపాదకుడయ్యాడు. ‘పెన్నేటి పాట’ రాసిన మనిషి ఆయన. ఏ పత్రికలో పనిచేశాడన్నది పట్టుకుని చూస్తే ఆయన ఎవరికి అర్థమవుతాడు? ఈ నేల కరువు గురించి ఏం రాశాడో చదివితేనే కదా తెలిసేది.

నేను చాలాకాలంగా రెండు పేపర్లు వేయించుకుంటున్నాను. రెండూ ఒకదానికొకటి పడనివి. మొదటి పేజీ జోలికి ముందు పోను, అక్కడ ఎవరి గొంతు వాళ్లదే. జిల్లా పేజీలు తెరిచి ఒకే వార్తను రెండింట్లోనూ వెతుకుతాను. హంద్రీ–నీవా కాలువ నీళ్ల సంగతే తీసుకోండి. ఒక పేపరు నీళ్లొచ్చాయని రాస్తే, ఇంకొకటి చెరువులు ఎండిపోయాయని రాస్తుంది. చాలాసార్లు రెండూ అబద్ధం కాదు. ఒకటి కాలువ గురించి రాసింది, రెండోది కాలువ అందని ఊరి గురించి రాసింది. అందుకే హెడ్డింగు వదిలి ఊరి పేరు, తేదీ, ఎకరాల లెక్క, మాట్లాడిన రైతు చెప్పిన సంగతి, ఆఫీసరు ఇచ్చిన సమాధానం చూస్తాను. ఒకదాంట్లో ఉండి ఇంకొకదాంట్లో అసలు లేని వార్తకు గుర్తు పెట్టుకుంటాను; దాని గురించి ఆ ఊరివాళ్లు కనిపిస్తే అడుగుతాను. ఇది ఎవరైనా చేయగలిగిన పని. కావాల్సిందల్లా కొంచెం ఓపిక.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానతో బతికే జిల్లా మనది. 2022లో ముదిగుబ్బ శ్రీ సత్యసాయి జిల్లాలోకి మారింది, వాన మాత్రం మారలేదు. పంటల బీమా రాలేదని ఒక రైతు చెబితే “ఆ పేపర్లో వచ్చిందిలే” అని కొట్టిపారేయడం నేను కళ్లారా చూశాను. బీమా పడిందో లేదో ఆయన బ్యాంకు పాస్‌బుక్కు చెబుతుంది, దాన్ని తెరిచి చూడమన్నవాళ్లు అక్కడ ఒక్కరూ లేరు. అంతకన్నా అన్యాయం ఇంకేముంటుంది? ఎండిన చేను ఏ పేజీలో అచ్చయినా ఎండిన చేనే. ఆ రైతును ఏ పార్టీవాడివని అడిగే ముందు ఎన్ని ఎకరాలు వేశావని అడిగుంటే, కనీసం ఆయనకు దక్కాల్సిన మర్యాదైనా దక్కేది.

రేపు పొద్దున టీ అంగడికి పోయినప్పుడు మీకు నచ్చని పేపరు ఎవరి చేతిలోనైనా కనిపిస్తే, పక్కన కూర్చుని “మన మండలం గురించి ఏం రాశారన్నా?” అని అడగండి. ఆయన చదివి వినిపించేదాకా ఆగండి. తర్వాత మీ పేపరు ఆయన చేతికివ్వండి.