శాస్త్రభావములు - తెలుగు వచనము

1909లో తెనాలియందు జన్మించిన కొడవటిగంటి కుటుంబరావుగారు భౌతికశాస్త్రము చదివినవారు. కథలేకాక శాస్త్రతత్త్వవిషయములపై వ్యాసములును వ్రాసిరి. ఆ వచనమును ‘సులభము’ అని మెచ్చుట పరిపాటి. సౌలభ్యమనగా పారిభాషికపదమును తొలగించి వాడుకమాటను నిలుపుటయే యని పలువురి తలంపు. అది సగమే నిజమని మా అభిప్రాయము.

గుంటూరు మిరపసీమనుండియే ఒక నిదర్శనమును గైకొందము. నిప్పు సోకినను, మిరపకాయ కొరికినను తెలుగువాడు ‘మంట’ యనియే పలుకును. ఇది ఉపచారమాత్రమని తోచును. కాని మిరపలోని కారద్రవ్యమగు క్యాప్సైసిన్‌కును, సుమారు 43 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడికిని నాడులలోని గ్రాహకమొకటే స్పందించునని 1997లో డేవిడ్ జూలియస్ బృందము నిరూపించెను. 2021 నాటి నోబెల్ బహుమానములో ఆయనకు భాగము లభించినది.

కావున ‘మంట’ యను మాట శాస్త్రమునకు ద్వారము తెరచుచున్నది. అయితే అదే మాట భ్రమయు గొలుపును. మిరప నోటిని వేడిచేయదు; వేడి సోకినట్లు నాడికి తోపించును. అనుభవము వేరు, వస్తుధర్మము వేరను తత్త్వవిచారము ఇచ్చటనే మొదలగును. పోలికకడనే ఆగిన రచయిత పాఠకుని అపోహయందే విడుచును.

కుటుంబరావుగారి సౌలభ్యమును పదములయందు గాక, తెలిసినదానినుండి తెలియనిదానికి నడచు వాక్యక్రమమునందు వెదకవలెను. దీర్ఘసమాసముల చాటున భావమును దాచుట ఎంత దోషమో, పోలిక చాటున భేదమును దాచుటయు అంతే దోషము. మన పరిశోధనవ్యాసములలో మొదటిదానిని దిద్దుచున్నాము, రెండవదానిని మెచ్చుకొనుచున్నాము. పోలిక ఎంతవరకు చెల్లునో, ఎచ్చట చెల్లదో రెండును తెలుపునదే స్పష్టమైన వచనము.