మాలదాసరి ఎక్కడ నిలబడ్డాడు?

డిగ్రీ రెండో సంవత్సరంలో మాకు ఆముక్తమాల్యద నుంచి మాలదాసరి కథ పాఠంగా ఉండింది. చిత్తూరు జిల్లాలోనే ఒక కాలేజీ. పేరు రాయను. రాస్తే అది ఆ ఒక్క కాలేజీ తప్పని చెప్పి మిగతావన్నీ చేతులు దులుపుకుంటాయి.

పాఠం చెప్పిన మాస్టారు మంచి పండితుడు. రాగం తీసి పద్యం చదివితే క్లాసంతా నిశ్శబ్దమయ్యేది. ఆ రోజు పద్యం ఆపి, పుస్తకం మూసి, "చూశారా, ఐదు వందల ఏళ్ల కిందటే రాయలవారు ఒక మాలవాణ్ణి కథానాయకుణ్ణి చేశారు. ఇంతకంటే సమత్వం ఎక్కడుంది?" అన్నాడు. క్లాసు మొత్తం వెనక్కి తిరిగి చివరి బెంచీలో ఉన్న మా ఇద్దరి వైపు చూసింది. ఆ చూపుల్లో కోపం లేదు. ఎగతాళి గూడా లేదు. దయ ఉండింది. మా జాతికి ఉన్న పాత బాకీ ఏదో ఆ పూటతో తీర్చేసినట్టు చూసినారు.

నేను లేచి, "సార్, ఆయన గుడి లోపలికి పోయినాడా?" అని అడిగినాను. మాస్టారు నవ్వి, "అది ప్రశ్న కాదు, కూర్చో" అన్నాడు.

అది ప్రశ్నే. ముప్పై ఏళ్లు దాటినా అది నన్ను వదల్లేదు. ఈ వ్యాసం ఆ చివరి బెంచీ మీద కూర్చునే రాస్తున్నాను.

కథ చాలామందికి తెలిసిందే. ఆముక్తమాల్యద ఆరో ఆశ్వాసంలో వస్తుంది. ఒక మాలదాసరి రోజూ తెల్లవారకముందే లేచి, దూరాన ఉన్న కురుంగుడి గుడికి నడిచిపోయి, మంగళకైశికి రాగంలో స్వామిని పాడి తిరిగొస్తాడు. ఒకనాడు వేళ తెలియక ముందే బయలుదేరి అడవిలో దోవ తప్పి కుంభజానుడనే బ్రహ్మరాక్షసుడికి చిక్కుతాడు. పాడి వచ్చి నీకు ఆహారమవుతానని మాటిచ్చి పోతాడు. పాడి, మాట తప్పకుండా తిరిగొస్తాడు. రాక్షసుడు పూర్వజన్మలో సోమశర్మ అనే బ్రాహ్మణుడు. నీ ఒళ్లు వద్దు, నీ పాట ఫలం ఇమ్మని బతిమాలుతాడు. దాసరి ఇస్తాడు. రాక్షసుడికి ఆ రూపం పోతుంది.

మన విమర్శకులు ఈ కథలో దాసరి వేషం వర్ణనను మెచ్చుకున్నారు. తోలు కుప్పసాన్ని గూడా పద్యంలో పెట్టిన రాయల పరిశీలనకు చేతులెత్తి మొక్కినారు. భక్తిని మెచ్చుకున్నారు, సత్యవాక్యాన్ని మెచ్చుకున్నారు. పరీక్షలో "మాలదాసరి పాత్ర చిత్రణను వివరింపుము" అని పది మార్కులకు అడిగినారు. రసం చూసినారు, ఔచిత్యం చూసినారు. దాసరి ఎక్కడ నిలబడి పాడినాడో ఎవరూ అడగలేదు. గుడి బయట నిలబడి పాడినాడు. ఫలం ఇచ్చిన తర్వాతైనా ఆయన గడప దాటినట్టు కథలో లేదు. ఫలం పుచ్చుకున్నవాడి బతుకు మారింది. ఫలం ఇచ్చినవాడి చోటు మారలేదు.

ఈ కథ మా తిరుపతికి దూరపు కథ కాదు. ఆముక్తమాల్యద వేంకటేశ్వరుడికి అంకితమిచ్చిన కావ్యం. రాయలూ ఇద్దరు దేవేరులూ చేతులు జోడించి నిలబడిన విగ్రహాలు తిరుమల గుడి లోపలే ఉన్నాయి. రాసిన రాజు లోపల, రాయబడిన దాసరి బయట. కార్తీక మాసంలో కైశిక ద్వాదశినాడు కొండ మీద ఈ దాసరి పురాణమే చదువుతారు. తమిళంలో ఆయన పేరు నంపాడువాన్. తిరుక్కురుంగుడిలో ఇంకో ఐతిహ్యం చెప్తారు. బయట నిలబడిన ఆ భక్తుడికి స్వామి కనిపించేందుకు ధ్వజస్తంభం కొంచెం పక్కకు జరిగిందట. వినడానికి కన్నీళ్లొచ్చే కథే. కానీ నిదానంగా ఆలోచించండి. ధ్వజస్తంభం జరిగింది. గడప జరగలేదు. దేవుడు కనబడతాడు, చాలు గదా అన్నారు. చాలదు.

చట్టం గడపను జరిపింది 1947లో. చిత్తూరు జిల్లా అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఆ ఏడాది వచ్చిన ఆలయ ప్రవేశ చట్టంతో గుళ్ల తలుపులు అంటరాని కులాలకు తెరుచుకున్నాయి. ఆ తర్వాత ఏడేళ్లకు, 1954లో, కొండ కింద శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలిసింది. రాయలసీమకు విశ్వవిద్యాలయం కావాలన్నది 1937 శ్రీబాగ్ ఒడంబడికలోనే ఉన్న మాట. అంతకుముందే 1944లో, బాబాసాహెబ్ వైస్రాయి కౌన్సిల్లో ఉన్న కాలంలో, మన పిల్లలకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. వీటిలో ఏదీ ఎవరో దయతలచి పక్కకు జరిపిన ధ్వజస్తంభం కాదు. కొట్లాడి జరిపించుకున్న గడపలు. రిజర్వేషన్ గూడా అంతే. అయినా మమ్మల్ని మాత్రం ఇప్పటికీ ధ్వజస్తంభానికి మొక్కమంటారు.

నేను ఎం.ఏ.కు తిరుపతి వచ్చింది 1991లో. ఆ ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది మన వాళ్లను చంపి కాలువల్లో తుంగభద్ర డ్రెయిన్‌లో పడేసినారు. అంతకు ముందటేడే మండల్ గొడవ. ఎక్కడ నలుగురు చేరినా "మెరిట్" అనే మాట వినబడేది. మా అమ్మ దామలచెరువు పక్క మామిడి తోపుల్లో గంపలు మోసిన డబ్బుతో నేను పాకాలలో రైలెక్కినాను. సంచిలో రెండు జతల బట్టలు, చెనిక్కాయలు, ఊరుబిండి.

హాస్టలు అలాట్‌మెంట్ అయ్యేదాకా ఊళ్లో ఒక గది అద్దెకు తీసుకున్నాం, ముగ్గురం. ఇంటామె మా పేర్లు అడిగింది, ఊర్లు అడిగింది, సరే అనింది. రెండు వారాలు గడిచినాయి. ఒకరోజు మా ఊరి నుంచి కార్డు వచ్చింది. మా నాయన రాయించిన కార్డు. చిరునామాలో ఊరి పేరు పక్కన ఏ.ఏ.డబ్ల్యు. అని ఉండింది. ఆది ఆంధ్ర వాడ. మా జిల్లాలో ఆ మూడక్షరాలు తెలియని వాళ్లు లేరు. కొన్ని ఊర్లకు హరిజనవాడ అని రాస్తారు, కొన్నింటికి ఏ.ఏ.డబ్ల్యు. ఏది రాసినా ఒకటే. మనిషి కంటే ముందు కులం ఉత్తరంలో ఎక్కి వస్తుంది.

ఆ సాయంత్రం ఇంటామె కార్డును రెండు వేళ్లతో పట్టుకొచ్చి గడప మీద పెట్టింది. చేతికివ్వలేదు. "ఏమనుకోవద్దు బాబూ, గది మా అమ్మాయికి కావాల" అనింది. ఆమెకు అమ్మాయి లేదు.

గడప మీద పెట్టిన ఆ కార్డును వంగి తీసుకున్నప్పుడు నాకు మాలదాసరి గుర్తొచ్చినాడు. కావ్యం అప్పుడు అర్థమైంది. ఇట్లాంటి అర్థం ఏ వ్యాఖ్యానంలోనూ ఉండదు.

హాస్టలు దొరికినాక బతుకు వేరు. ముగ్గురుండాల్సిన గదిలో ఐదుగురం ఉండేవాళ్లం. గెస్టు అంటే చుట్టం కాదు. మెస్ బిల్లు కట్టలేక తన గది పోగొట్టుకున్నవాడు గెస్టు. స్కాలర్‌షిప్ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. వచ్చినవాడి డబ్బు అందరిదీ. ఒకరి చొక్కా ఇంకొకరు వేసుకుని వైవాకు పోయేవాళ్లం. రాత్రి మిద్దె మీద పడుకుంటే కొండ దోవ దీపాలు కనబడేవి. అంబేద్కర్ పుస్తకం ఒక్కటే ఉండేది. ఒకరు పైకి చదివితే మిగతావాళ్లం వినేవాళ్లం. నాకు తెలిసిన మొదటి విశ్వవిద్యాలయం ఆ మిద్దె.

ఇంతవరకే రాసి ఆపితే బాగుండును. మా గది వెలివాడ కాదు, సమతా రాజ్యం అని ముగించొచ్చు. మన వ్యాసాలు చాలా అట్లనే ముగుస్తాయి. కానీ ఆ గదికి గూడా ఒక గడప ఉండింది.

మేం నలుగురం మాలలం. ఐదోవాడు మాదిగ. గంగాధర నెల్లూరు వైపు వాడు, ఎకనామిక్స్ చదివేవాడు. గెస్టు వాడే. వాడి చాప తలుపు పక్కన ఉండేది. ఎవరూ ఆడ వేసుకోమని చెప్పలేదు. ఎవరూ ఇటు జరగమని గూడా చెప్పలేదు. వాడి గొంతు గొప్ప గొంతు. ఏప్రిల్ 14 వస్తే వాడి పాటతోనే సభ మొదలయ్యేది. పాట అయినాక వాడు దిగి వెనక నిలబడేవాడు. మేం ఎక్కి ఉపన్యాసాలు చెప్పేవాళ్లం. పాటకు పిలిచినాం, మాటకు పిలవలేదు.

ఒక రాత్రి మిద్దె మీద నేను మాలదాసరి గురించి, గడప గురించి చెప్తున్నాను. వాడు అంతా విని అన్నాడు:

"అది సరేలే రా. ఆయప్ప నడిజామున అడవిలో ఎందుకు నడస్తా ఉండాడు? గుడి పక్కన ఇల్లుంటే నడిచే పనేముంది? ఊరికి అంత దూరంలో పెట్టబట్టే గదా రాక్షసుడికి దొరికినాడు! రాక్షసుడు చెట్టు మీద లేడు. ఆ దూరంలో ఉండాడు."

మేం నవ్వినాం. "ఎకనామిక్స్ వాడికి కావ్యమెందుకు రా" అన్నాం. ఇంకొకడు, "ఆ తోలు కుప్పసం కుట్టింది మీ తాతే" అన్నాడు. వాడూ నవ్వినాడు. ఆ నవ్వు ఇప్పటికీ గుర్తుంది.

ఫైనల్ పరీక్షలకు ముందు వాడు వెళ్లిపోయినాడు. నాయనకు బాగలేదన్నాడు. బాకీలన్నాడు. మేం బస్టాండు దాకా పోయి బస్సెక్కించినాం. మళ్లీ రాలేదు.

కొన్నేళ్లకు నేను ఉద్యోగస్తుణ్ణయినాను, విమర్శకుణ్ణయినాను. ఒక సాహిత్య సభలో ప్రాచీన కావ్యాలను దళిత దృక్పథంతో చదవడం గురించి మాట్లాడుతూ, "రాక్షసుడు చెట్టు మీద లేడు, ఊరికీ వాడకూ మధ్య ఉన్న దూరంలో ఉన్నాడు" అన్నాను. చప్పట్లు మోగినాయి. ఎవరి మాటో చెప్పలేదు. నా మాటగానే చెప్పుకున్నాను.

అంటే పాట ఫలం తీసుకున్నాను. రాక్షసుడు అడిగి తీసుకున్నాడు. నేను అడగను గూడా అడగలేదు.

1994 జూలై 7న ఈదుముడిలో దండోరా మోగినప్పుడు మాలల్లో చాలామంది "ఐక్యత చీలిపోతుంది" అన్నారు. నేనూ అన్నాను. తలుపు పక్కన చాప వేసినప్పుడు చీలని ఐక్యత, వాడు నా వాటా ఏది అని అడగ్గానే చీలిందా? వర్గీకరణ చెల్లుతుందని సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న తీర్పిచ్చింది. అంతకు ముప్పై ఏళ్ల ముందే ఆ తీర్పు మా గదిలో రాసి ఉంది. చదవడం మాకు చేతగాలేదు. ఇంకోటి గూడా చెప్పాలి. మేం మిద్దె మీద గంటలు గంటలు విముక్తి గురించి మాట్లాడుకున్నాం గానీ, మనవాళ్ల ఆడపిల్లలు ఎక్కడ కూర్చుని ఏం మాట్లాడుకుంటున్నారో ఒక్కసారి గూడా ఆలోచించలేదు.

ఆచార్య కొలకలూరి ఇనాక్ తిరుప్పాణాళ్వారు కథతో 'మునివాహనుడు' నాటకం రాశారు. 1998లో ఆయన తిరుపతి విశ్వవిద్యాలయానికే ఉపాధ్యక్షులుగా వచ్చారు. ఆ రోజు మా మిద్దె మీద పడుకున్నవాళ్లందరం ఎక్కడెక్కడి నుంచో సంతోషపడ్డాం. ఐతిహ్యంలో ఆ పాణరు భక్తుణ్ణి ముని భుజాల మీద ఎక్కించుకుని శ్రీరంగం గుడిలోకి తీసుకుపోతాడు. 2018లో హైదరాబాదు జియాగూడ గుడిలో ఒక అర్చకుడు ఒక దళిత యువకుణ్ణి అట్లనే మోసుకుపోతే పత్రికలన్నీ రాసినాయి. మంచి పనే. కానీ భుజాల మీద పోయినవాడు తన కాళ్లతో పోలేదు. మనకు కావాల్సింది భుజం కాదు, దోవ.

ఆ దోవ ఇంకా మూసే ఉందని 2016 జనవరి 17న రోహిత్ వేముల చావు చెప్పింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టలు నుంచి బయటికి పంపిన ఐదుగురు దళిత విద్యార్థులు క్యాంపస్ నడిమధ్యలో ఆరుబయట పడుకుని, ఆ చోటుకు వెలివాడ అని పేరు పెట్టుకున్నారు. ఏ విమర్శకుడూ ఇవ్వలేని పేరు అది. విశ్వవిద్యాలయం లోపల గూడా ఒక బయట ఉంటుందని ఆ ఒక్క మాటతో చెప్పినారు.

అందుకే చదువుకుంటున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ చెప్తున్నాను. కావ్యం చదివినా, కథ చదివినా, మన సభల కరపత్రం చదివినా రసం సంగతి తర్వాత చూద్దురు గాని. ముందు మూడు అడగండి. ఈ మనిషి ఎక్కడ నిలబడ్డాడు? ఇతని పాట ఫలం ఎవరికి పోయింది? మన గదిలో తలుపు పక్కన చాప ఎవరిది? మూడోది అడగనివాడికి మొదటి రెండూ అడిగే అర్హత లేదు. నేను చాలా ఏళ్లు మొదటి రెండే అడిగినాను.

ఈ మధ్య మామిడి కాయల కాలంలో దామలచెరువు మండీ దగ్గర వాడు కనబడినాడు. లారీకి గంపలెత్తిస్తున్నాడు. తల నెరిసింది. టీ తాగినాం. సభలో నేను చేసిన పని చెప్పినాను. విని, "నువ్వు చెప్పినావు గాబట్టి విన్నారులే. నేను చెప్తే మీరే నవ్వితిరి గదా" అన్నాడు. కోపంగా అనలేదు. ఈ వ్యాసంలో నీ పేరు రాయమంటావా అని అడిగినాను.

"వద్దులే రా. బిడ్డ ఉద్యోగాలకు రాస్తా ఉంది. పేరు లేకపోయినా ఫరవాలేదు. మాట నాదని రాయి, చాలు."

రాస్తున్నాను. ఆ మాట వాడిది.