మూగవాళ్ల పేక

పేకముక్క అనగానే మన ఇళ్లలో ముందు గుర్తొచ్చేది కొంపలు ముంచే జూదం. ఇటలీ రచయిత ఇటాలో కాల్వినో (1923-1985) మాత్రం పుస్తకం మొత్తాన్నీ పేక మీదే నిలబెట్టాడు. 1973లో ఇటాలియనులో వచ్చిన ఆ పుస్తకం పేరును తెలుగులో 'పెనవేసుకున్న విధిరాతల కోట' అనుకోవచ్చు. నేను చదివింది విలియం వీవర్ ఇంగ్లీషు అనువాదం. పేకతో కథ ఎలా పుడుతుందో, ఎక్కడ ఆగిపోతుందో రెండూ ఈ ఒక్క పుస్తకంలోనే తెలుస్తాయి.

అడవి దాటి ఒక కోటకు చేరిన బాటసారులకు మాట పడిపోతుంది. భోజనాల బల్ల మీద టారో పేక ఉంటుంది. అందులో 78 ముక్కలు. మన ఆఠీను, ఇస్పేటులలాగా నాలుగు రంగులు, వాటితోపాటు సూర్యుడు, చంద్రుడు, మృత్యువు వంటి బొమ్మముక్కలు 22. ఒక్కొక్కరే ముక్కలు పేర్చి తమ కథ చెప్పుకుంటారు. వాటిని చూసి ఊహించినదాన్ని కథకుడు మనకు చెబుతాడు. తర్వాత వచ్చేవాడు అప్పటికే పరిచి ఉన్న ముక్కలనే అడ్డంగానో, నిలువుగానో, వెనకనుంచి ముందుకో తన కథలో కలుపుకుంటాడు.

కామర్సు చదివి, బ్యాంకులో లెడ్జర్లతో గడిపిన నాబోటివాడికి ఈ పద్ధతి కొత్తగా తోచదు. ఒకే లావాదేవీ రెండు ఖాతాలలో పడుతుంది. ఒకరికి డెబిట్ అయినది మరొకరికి క్రెడిట్. ఈ జంటపద్దు విధానాన్ని లూకా పాచోలీ 1494లో అచ్చులో పెట్టింది వెనిస్ నగరంలోనే. కాల్వినో మొదటి భాగానికి వాడుకున్న పేకను అదే శతాబ్దంలో మిలాను ప్రభువుల కోసం చిత్రించారు. తలకిందులుగా వేలాడే మనిషి ముక్క చూడండి. ఒక కథలో వాడు దొంగల చేతిలో చిక్కిన యువకుడు. మరో కథలో ప్రేమ వల్ల మతి చెడి, చివరకు కట్టుబడి, అలా వేలాడుతూనే శాంతించిన వీరుడు రోలాండు. బొమ్మ మారలేదు, పక్కనున్న ముక్కలు మారాయి. పేకలోని బలమంతా ఇదే. ముక్కకు అర్థం దానిలో లేదు, దాని ఇరుగుపొరుగులో ఉంది. ఏదైనా రాయమంటే కలం కదలని వాడికి కూడా మూడు ముక్కలు చేతిలో పెడితే మధ్యనున్న ఖాళీ తనంతట తానే ప్రశ్న వేస్తుంది.

అయితే పుస్తకం పూర్తయ్యేసరికి ఒక వెలితి మిగులుతుంది. ఎవరి కథ విన్నా గొంతు ఒక్కటే. వీరుడికీ, ప్రేమలో పడ్డవాడికీ, సమాధులు తవ్వే దొంగకూ కథకుడే నోరు. తన కథను అతడు తప్పుగా చెప్పినా 'కాదు' అనే అవకాశం ఆ మూగవాళ్లకు లేదు. సంఘటనలు పుష్కలంగా ఉన్నాయి, యాస లేదు. మార్సే పేక మీద రాసిన రెండో భాగంలో ఈ లోపం మరీ పెద్దదవుతుంది. ముక్కలను ఎన్నిసార్లు మార్చి పేర్చుకున్నాడో కాల్వినో చివరి మాటలో తానే చెప్పుకున్నాడు. ఆ శ్రమ పేజీల మీద కనిపిస్తుంది.

ఈ వెలితిని తీర్చే సూత్రం సాహిత్యంలో కాక ఒక ఆటలో దొరుకుతుంది. 1993లో వచ్చిన 'వన్స్ అపాన్ ఎ టైమ్' అనే పేకాటలో ఒకరు కథ చెబుతూ ముక్కలు వేస్తారు. చెప్పేవాడి నోట వచ్చిన వస్తువు ఎదుటివాడి చేతి ముక్కలో ఉంటే అతడు అడ్డుపడి కథను లాక్కోవచ్చు. కథనంలో కాల్వినో అంత నేర్పు అక్కడ ఆశించలేం. కానీ అడ్డుతగిలే నోరు ఉంది. నా దృష్టిలో కథకు అది ప్రాణం.

మన సంగతికి వస్తే ఇది వినోదం మాత్రమే కాదు. బళ్లారిలో కన్నడం, హోసూరులో తమిళం, బరంపురంలో ఒడియా చదివే మన పిల్లల్లో చాలామందికి ఇంట్లో తెలుగు మాట ఉంది, బడిలో తెలుగు అక్షరం లేదు. కాల్వినో బాటసారులకు నోరు పోయి బొమ్మ మిగిలింది. మన పిల్లలకు అక్షరం లేకపోయినా నోరు మిగిలింది. తెలుగు కథల పుస్తకం ఇస్తే పక్కన పెట్టేసే పిల్లవాడు బొమ్మముక్క ఇస్తే మాట్లాడతాడు. అలాంటి పేక మన చుట్టూ లేకపోలేదు. మహారాష్ట్రలో సావంతవాడి, ఒడిశాలో రఘురాజపురం గుండ్రటి గంజీఫా ముక్కలకు పేరుపడ్డ ఊళ్లు. దశావతార గంజీఫాలో పది రంగులు, రంగుకు పన్నెండు చొప్పున 120 ముక్కలు. చేప, తాబేలు, గొడ్డలి వంటివి వాటి గుర్తులు. ఆ కథలు తెలిసినవే కదా అనవచ్చు. పరశురాముడి గొడ్డలి పిల్లవాడి చేతిలో కట్టెలు కొట్టేవాడి గొడ్డలి అయితే తప్పేమిటి?

అంత ఖర్చెందుకు అనుకునేవారు పాత శుభలేఖల అట్టల మీద పిల్లల చేతనే బొమ్మలు వేయించవచ్చు. నియమాలు రెండు చాలు. ప్రతి ముక్కా ఇద్దరి కథల్లోనూ రావాలి. వినేవాళ్లు తెలుగులోనే అడ్డుపడాలి. మొదటి నియమం కాల్వినో ఇచ్చాడు. రెండోది ఆయన పుస్తకంలో లేదు. అది మన పిల్లల దగ్గర ఉంది, వాళ్లను మాట్లాడనిస్తే.